అగ్రిమెంటు లేకుండా అరువుకిచ్చిన సరుకు: బాకీ వసూలయ్యేదెలా?

ప్రశ్న: చీరాలలో చీరల హోల్‌సేల్ వ్యాపారం నాది. 2024 మార్చి 10న కరీంనగర్‌లోని ఒక షాపుకు 140 చీరలు లారీలో పంపాను. బిల్లు 2,80,000 రూపాయలు, గడువు 30 రోజులని బిల్లు మీదే ఉంది. సెప్టెంబరులో ఫోన్‌పేలో 40,000 వేశారు. ఆ తర్వాత ‘కొన్ని చీరలు రంగు దిగాయి, మిగతా డబ్బు ఇవ్వం’ అంటున్నారు. అగ్రిమెంటు రాసుకోలేదు. ఏం చేయాలి?

జవాబు: అగ్రిమెంటు లేదని దిగులు పడకండి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 5వ సెక్షన్ ప్రకారం నోటిమాట మీద జరిగిన అమ్మకం కూడా చెల్లుతుంది. వాళ్లు ఆర్డరు పెట్టారనీ, సరుకు అందుకున్నారనీ మీరు రుజువు చేయాలి. బిల్లు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం), ఫోన్‌పే జమ చూపించే బ్యాంకు స్టేట్‌మెంటు పనికొస్తాయి. అన్నిటికన్నా గట్టిది షాపువాళ్లు సంతకం పెట్టి స్టాంపు వేసిన ట్రాన్స్‌పోర్టు ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ. అది మీ దగ్గర లేకపోతే, పాత కాగితాలు పోకముందే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోండి. వాట్సాప్ మెసేజీలున్న ఫోను మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి.

ఇక రంగు దిగిందన్న మాట. సరుకు అందాక సరిపడా సమయం గడిచినా వద్దని చెప్పకుండా ఉంచుకున్నా, అమ్ముకున్నా, దాన్ని స్వీకరించినట్టేనని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలలు మాట్లాడకుండా, మధ్యలో 40,000 కట్టి, ఇప్పుడు మొత్తం బాకీ ఎగ్గొడతామంటే కుదరదు. నిజంగా లోపం ఉంటే 59వ సెక్షన్ కింద ఆ మేరకే ధర తగ్గించమని అడగగలరు. 140లో 12 చీరలు పాడైతే లెక్క తేలాల్సింది ఆ 12 మీదే. అందుకే ఏ చీరలు, ఎన్ని, ఎప్పుడు గమనించారో రాతపూర్వకంగా చెప్పమని నోటీసులోనే అడగండి.

చాలామంది దెబ్బతినేది కాలపరిమితి దగ్గర. మీ అరువు గడువు 2024 ఏప్రిల్ 9తో ముగిసింది. అక్కడి నుంచి మూడేళ్లు, అంటే 2027 ఏప్రిల్ 9లోపు దావా పడాలి. ఫోన్‌పే జమతో గడువు పెరిగిందనుకుని ఊరుకోకండి. కట్టినవారి చేతిరాతలోనో, సంతకంతోనో ఆ చెల్లింపు రాసి ఉండాలని లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అంటోంది. ‘ఇంకా 2,40,000 ఇవ్వాలి’ అని గడువు లోపలే సంతకం చేసిన కాగితం దొరికితే, ఆ సంతకం తేదీ నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క.

ముందు లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. అందులో వడ్డీ కూడా అడగండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టని కొనుగోలుదారు, బాకీ మేరకు తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోలు మీది పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని) వడ్డీతో వెనక్కి కట్టాలి. ఆ సంగతీ రాయండి, చాలామంది అక్కడే దారికొస్తారు. దావా వేసే రోజుకు బాకీ, వడ్డీ కలిపి 3 లక్షల లోపే ఉంటే మీది మామూలు సివిల్ దావా. అప్పుడు కమర్షియల్ కోర్టు, దానికి ముందు తప్పనిసరి మీడియేషన్ (మధ్యవర్తితో రాజీ ప్రయత్నం) మీకు వర్తించవు. పోలీసు కేసు మీద ఆశ పెట్టుకోవద్దు. మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం చూపలేకపోతే అది సివిల్ తగాదా అనే అంటారు.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉంది కదా, చిన్న సంస్థల బాకీ తగాదాలు తీర్చే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. చీరలు కొని అమ్మే వ్యాపారికి ఆ దారి లేదు. సొంత మగ్గాల మీద నేయించి, సరుకు పంపకముందే ఉద్యం తీసుకుని ఉంటే మాత్రం వెళ్లొచ్చు. అప్పుడు ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా వస్తుంది.