రాజుల గురించి కాకుండా మామూలు జనం ఎలా బతికారో తెలుగులో ఎవరైనా రాశారా?

రాశారు. ముందుగా చెప్పుకోవాల్సిన పేరు సురవరం ప్రతాపరెడ్డి (1896–1953). గోలకొండ పత్రిక నడిపిన ఆయనే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చిన మనిషి.

ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. తూర్పు చాళుక్యుల కాలం నుంచి 20వ శతాబ్దం మొదలు దాకా జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ మూఢనమ్మకాలు పెట్టుకున్నారు అన్నదే అందులో విషయం. యుద్ధాలూ వంశావళులూ వెనక్కి పోతాయి.

అసలు సమస్య ఆధారాలు. శాసనాల్లో దానాలు, బిరుదులే ఎక్కువ. సామాన్యుడి వంటింటి సంగతి ఎవరు చెక్కిస్తారు? అందుకని ఆయన కావ్యాల మీద పడ్డారు. అదీ వర్ణనల అందం కోసం కాదు, వాటి మధ్య దొర్లిన సామాన్ల పేర్ల కోసం. 'క్రీడాభిరామం' అనే పాత తెలుగు కావ్యం చూడండి. ఓరుగల్లులో పూటకూళ్ళింట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, పప్పు, నెయ్యి, గడ్డపెరుగు దొరికేవని అందులో ఒక పద్యం ఉంది. కవి సరదాగా రాసింది చరిత్రకారుడికి హోటల్ బిల్లు అయింది! పాల్కురికి సోమనాథుడి రచనలు కూడా ఇలాంటి వివరాల గనే.

ఈ పద్ధతిలో చిక్కూ ఉంది. కవులు కాస్త పెంచి చెబుతారు, పాత వర్ణనల్ని మళ్ళీ వాడుకుంటారు. కాబట్టి ప్రతి వివరాన్నీ అక్షరాలా నమ్మనక్కర్లేదు. భాష కొంచెం పాతదే కానీ టెన్షన్ పడకండి, కాకతీయుల అధ్యాయంతో మొదలుపెట్టండి. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ అవార్డు ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.