వి-3 పట్టుకోలేకపోతే లేట్ ఫీజు కట్టాల్సిందే

ప్రశ్న: అక్కా, ఎమ్మెస్ చేయడానికి ఈమధ్యే డాలస్ దగ్గరికి వచ్చాను. ఐఈఎల్‌టీఎస్‌లో మంచి స్కోరే వచ్చింది. అయినా అపార్ట్‌మెంట్ లీజు చదువుతుంటే సగం వాక్యంలోనే దారి తప్పుతున్నాను. అడ్వర్బ్, పాస్ట్ పార్టిసిపుల్, ప్రిపోజిషన్ ఒకదాని వెనక ఒకటి వస్తుంటే ఎక్కడ ఆగి చదవాలి? నేను రాసేటప్పుడు ఏది ముందు పెట్టాలి? ఒక ఆన్‌లైన్ గ్రామర్ కోర్సు 300 డాలర్లకి ఇస్తున్నారు. చేరమంటారా?

జవాబు: స్కోరు సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. ఇక్కడికి వచ్చేవాళ్లందరి దగ్గరా స్కోరు ఉంటుంది. ఆ లీజు మీద సంతకం పెట్టేశావా లేదా, అది చెప్పలేదు నువ్వు. పెట్టకపోతే ఇది చదివాక పెట్టు. పెట్టేసి ఉంటే ఇంకా శ్రద్ధగా చదువు.

మేము టెక్సస్ వచ్చింది 2001లో. డాలరు 47 రూపాయల దగ్గర ఉండేది. ఉల్లిపాయలు కొన్నా మనసులో 47తో గుణించుకునేదాన్ని. మా ఆయన పొద్దున పోతే రాత్రికి వచ్చేవారు, నాది డిపెండెంట్ వీసా, కాబట్టి కాగితాల పనంతా నాదే. డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియంలో చదివినదాన్ని, ఒక లీజు చదవలేనా అనుకున్నాను. అందులో అద్దె గురించి ఇలా ఉంది: "రెంట్ మెయిల్డ్ ఆన్ ఆర్ బిఫోర్ ద థర్డ్ బట్ రిసీవ్డ్ బై ద ఆఫీస్ ఆఫ్టర్ ద థర్డ్ విల్ బి కన్సిడర్డ్ లేట్." నా కంటికి మొదట కనబడింది "రెంట్". వెంటనే "మెయిల్డ్". కర్త దొరికింది, క్రియ దొరికింది, మూడో తారీఖులోపు పోస్టు చేయాలంటున్నారు, అంతే కదా అనుకుని మిగతాదాని మీద చూపు జార్చేశాను. రెండో తారీఖున చెక్కు పోస్టు డబ్బాలో వేశాను. మధ్యలో ఆదివారం వచ్చింది. ఐదో తారీఖు సాయంత్రం తలుపుకి కాగితం అంటించి ఉంది: లేట్ ఫీజు 75 డాలర్లు. అంటే 3,500 రూపాయల పైమాట. ఊళ్లో మా నాన్నగారు ఆ డబ్బుతో నెల గడిపేవారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అక్కడ జరిగిందేమిటో చెప్తాను, నీ ప్రశ్నలో సగం ఇదే. కోచింగ్ సెంటర్లలో మనకి వి-1, వి-2, వి-3 అని బట్టీ పట్టించారు కదా, గో, వెంట్, గాన్ అని. నువ్వు పాస్ట్ పార్టిసిపుల్ అన్నది ఆ వి-3నే. వి-2, వి-3 వేరువేరుగా ఉన్నచోట ఏ ఇబ్బందీ లేదు. మెయిల్, రిసీవ్, పే, సైన్, చార్జ్, రిటర్న్ లాంటివాటికి రెండూ ఒకే రూపం. లీజులో డబ్బుకి సంబంధించిన మాటలన్నీ ఆ జాతివే, గమనించావా? "రెంట్ మెయిల్డ్" అని కనబడితే అద్దె వెళ్లిపోయింది అని మన బుర్ర వి-2గా చదివేస్తుంది. నిజానికి అది వి-3, విశేషణంగా పనిచేస్తోంది. తెలుగులో చెప్పుకుంటే, "మూడోలోపు పోస్టు చేసినా ఆఫీసుకి మూడో తర్వాత అందిన అద్దె". అసలు క్రియ ఎంతో దూరంలో, "విల్ బి కన్సిడర్డ్" దగ్గర ఉంది.

మనవాళ్లు ఇక్కడే ఎందుకు పడతారంటే, తెలుగులో "అందిన", "కట్టిన", "రాసిచ్చిన" లాంటి మాటలు ఎప్పుడూ నామవాచకానికి ముందే ఉంటాయి. ఎంత పొడుగు తోక తగిలించినా అంతా ముందే. ఇంగ్లీషులో ఒంటరి మాటయితే ముందుంటుంది: "అన్‌పెయిడ్ రెంట్". అడ్వర్బ్ ఒకటి తోడొచ్చినా సాధారణంగా ముందే: "న్యూలీ అడ్మిటెడ్ స్టూడెంట్స్", "ప్రీవియస్‌లీ అప్రూవ్డ్ అప్లికేషన్". ప్రిపోజిషన్‌తో తోక తగిలిందంటే మాత్రం మొత్తం సరంజామా నామవాచకం వెనక్కి పోతుంది: "రెంట్ పెయిడ్ ఇన్ క్యాష్", "నోటీస్ గివెన్ ఇన్ రైటింగ్". కాబట్టి "-డ్"తో ముగిసే మాట కనబడగానే సంబరపడకు. "విల్", "షల్", "మస్ట్", "ఈజ్", "మే" ఎక్కడున్నాయో వేలు పెట్టి వెతుకు. దానికి ముందున్న "-డ్" మాటలు చాలావరకు విశేషణాలే. నేను ఇప్పటికీ పెన్సిల్‌తో ఆ ఒక్క మాట కింద గీత పెట్టుకునే చదువుతాను, సిగ్గేం లేదు.

"బై" దగ్గర కూడా కాస్త ఆగు. "సైన్డ్ బై ద టెనంట్ బై ద ఫస్ట్" అని ఉంటుంది. మొదటి "బై" బడిలో చదివిన చేతన్, చేన్, తోడన్, తోన్. రెండోది "లోపు". "అంటిల్" అంటే "వరకు". ఈ లోపు, వరకు కలిపేసుకునేవాళ్లని చాలామందిని చూశాను. నీ ఐ-94 మీద, అంటే ఈ దేశంలోకి అడుగుపెట్టినట్టు ఉండే రికార్డు మీద, "అడ్మిట్ అంటిల్" అని ఉంటుంది, ఆ సంగతి సీబీపీ వాళ్ల, అంటే సరిహద్దు తనిఖీ శాఖ వాళ్ల, సైటులో చూసుకో, నేను చెప్పక్కర్లేదు.

ఇక అడ్వర్బ్. నీకు స్థానాల పట్టిక కావాలేమో, నేను మాత్రం నా పంటి కథ చెప్తాను. పన్ను నొప్పితో డెంటిస్టు దగ్గరికి వెళ్లాను. తర్వాత ఇన్సూరెన్స్ నుంచి ఉత్తరం వచ్చింది: "దిస్ ప్రొసీజర్ ఈజ్ నాట్ ఫుల్లీ కవర్డ్ బై యువర్ ప్లాన్." పూర్తిగా కవర్ కాదట అని మా ఆయనకి ఫోనులో చదివి వినిపించాను. ఇద్దరం కలిసి ఇన్సూరెన్స్ వాళ్లని తిట్టుకున్నాం. డెంటిస్టు బిల్లు మొత్తం మేమే కట్టేశాం. తెలుగులో "పూర్తిగా కవర్ కాదు" అంటే అసలేమీ రాదనీ అనుకోవచ్చు, కొంత వస్తుందనీ అనుకోవచ్చు. ఇంగ్లీషులో "నాట్" వెనకే "ఫుల్లీ" ఉంటే ఒకటే అర్థం: కొంత వస్తుంది, మొత్తం రాదు. అసలు రాకపోతే "నాట్ కవర్డ్" అని ఊరుకుంటారు. ఈ సంగతి పక్కింటి గుజరాతీ ఆవిడ చెప్పేసరికి క్లెయిము పెట్టుకునే గడువు దాటిపోయింది. ఎంత పోయిందో ఇక్కడ రాయను, మా ఆయన ఇది చదువుతారు.

నువ్వు రాసేటప్పుడు సంగతి ఇంతకంటే సులువు. ఎలా, ఎంత అని చెప్పే అడ్వర్బ్‌ని వి-3కి ఆనించి ముందు పెట్టు: "హ్యాజ్ బీన్ ఇన్‌కరెక్ట్‌లీ చార్జ్‌డ్". ఆల్‌రెడీ, రీసెంట్‌లీ లాంటివి మొదటి సహాయక క్రియ వెనక సర్దుకుంటాయి: "ద రెంట్ హ్యాజ్ ఆల్‌రెడీ బీన్ పెయిడ్ ఇన్ ఫుల్". వీక్లీ, యెస్టర్‌డే చివరికి పోతాయి. తోకల్లో చోటు ముందు, కాలం తర్వాత: "డిపాజిటెడ్ ఇన్ మై అకౌంట్ ఆన్ మండే". మనం సోమవారం నా అకౌంట్లో అంటాం కాబట్టి చెయ్యి అటు లాగుతుంది, లాగనివ్వకు. "మ్యారీడ్ విత్" అనకూడదు, "టు" అనాలి, "డిస్కస్‌డ్ అబౌట్" అనకూడదు అని క్లాసులు పీకేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. నేర్చుకో, మంచిదే. తప్పు పలికినా వాటికి ఎవరూ ఫైను వేయరు.

ఒక్కటి మాత్రం చూసుకో. వి-3తో వాక్యం మొదలుపెడితే, కామా తర్వాత వచ్చే కర్తకే అది తగులుకుంటుంది. మా కారుని అపార్ట్‌మెంట్ ఆవరణలోంచి టో చేసి తీసుకుపోయినప్పుడు నేను గంభీరంగా ఒక ఫిర్యాదు రాశాను: "పార్క్‌డ్ ఓవర్‌నైట్ ఇన్ ద విజిటర్ లాట్, ఐ ఫౌండ్ మై కార్ టోడ్." మేనేజరు చదివి, రాత్రంతా పార్కింగులో నిన్నే నిలబెట్టారా అని అడిగాడు. కారు విడిపించుకోవడానికి కట్టిన డబ్బు తిరిగి రాలేదు, అది వ్యాకరణం వల్ల కాదులే. ఫిర్యాదుల్లో ముందు కర్తని పెట్టేసి, ఆ తర్వాతే మిగతా అలంకారాలు చెయ్యి.

ఆఫీసు ఉత్తరాలకి ఈ వి-3 అంటే ఎందుకంత మోజో తెలుసా? కర్తని మాయం చేయొచ్చు. మనం బడిలో "రామునిచేత రావణుడు చంపబడెను" అని రాశామే కానీ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, ఎవరు చేశారో చెప్పకుండా మనకి ఊరట ఉండదు. వీళ్లు "ఎ ఫీ హ్యాజ్ బీన్ ఆటోమేటికల్లీ చార్జ్‌డ్ టు యువర్ అకౌంట్" అంటారు. వేసిందెవరు? కనబడరు. ఫీజు దానంతటదే వచ్చి కూర్చున్నట్టుంటుంది. అలాంటి ఉత్తరం వస్తే లేని "బై"ని నువ్వే పూరించి అడుగు: ఎవరు వేశారు, దేనికి వేశారు, లీజులో ఏ క్లాజు కింద వేశారు. మర్యాదగానే, మెయిల్లోనే. ఈ మూడు ప్రశ్నలతో ఫీజు వెనక్కి తీసుకున్న సందర్భాలు నాకే ఉన్నాయి. మా వీధిలో మనవాళ్లు ఏ ఉత్తరం వచ్చినా ముందు నా దగ్గరికే తెస్తారు, వకీళ్లయినా నా తర్వాతే.

"ఇన్ రైటింగ్" అన్న తోకని మాత్రం ఎక్కడ కనబడినా వదలకు. మొదటి అపార్ట్‌మెంట్ ఖాళీ చేసినప్పుడు కొత్త అడ్రసు లీజింగ్ ఆఫీసులో ఉన్న అమ్మాయికి నోటితో చెప్పి, చక్కగా నవ్వింది కదా అని వచ్చేశాను. డిపాజిట్ రాలేదు. అడిగితే, అడ్రసు రాసి ఇవ్వలేదు కదా అన్నారు. టెక్సస్‌లో డిపాజిట్ తిరిగి ఇవ్వడానికి ఓనరుకి 30 రోజుల గడువు, కానీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఇవ్వాల్సిన పని లేదు. కాలిఫోర్నియాలో 21 రోజులు. మిగతా రాష్ట్రాల లెక్కలు వాళ్ల ప్రభుత్వ సైట్లలో ఉంటాయి. ఖాళీ చేస్తున్నామని ఇచ్చే నోటీసు కూడా అంతే. "గివెన్ ఇన్ రైటింగ్ ఎట్ లీస్ట్ సిక్స్‌టీ డేస్ బిఫోర్" అని లీజులో ఉంటే, ఆ ముక్కల్లో ఏ ఒక్కటి తప్పినా అదనంగా అద్దె పడొచ్చు.

ఆ 300 డాలర్ల కోర్సులో చేరకు. ఈరోజు రేటుతో గుణించి చూడు, నీకే చెమట పడుతుంది. పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్ ఉచితం, ఈ విషయాలు చాలావరకు అందులో ఉన్నాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కూడా అడుగు, చాలాచోట్ల ఇంగ్లీషు క్లాసులు డబ్బు తీసుకోకుండా చెప్తారు. లీజు ఇంకా సంతకం కాకపోతే లేట్ ఫీజు, నోటీసు, డిపాజిట్ ఉన్న పేరాలు ఫొటో తీసి నాకు పంపు. పేరు, అపార్ట్‌మెంట్ నంబరు, సోషల్ సెక్యూరిటీ నంబరు కనబడకుండా అడ్డం పెట్టి తియ్యి.