ఆ నురగ మురికి కాదమ్మా!

ప్రశ్న: సిరిమాను పండక్కి వచ్చిన మా తమ్ముడు పాపకి నీలం రంగు ఫైటర్ చేపను కొనిచ్చాడు. రెండు లీటర్ల గాజు గిన్నెలో పెట్టాం. రోజూ నీళ్లపైన నురగ కట్టేది. మురికి అనుకుని పొద్దున్నే గిన్నె తోమి, మొత్తం నీళ్లు మార్చేదాన్ని. చలి మొదలయ్యాక రెక్కలు ముడుచుకుని అడుగునే పడుకుంటోంది. గుళికలు ముట్టదు. పాప ఒకటే ఏడుపు. ఏం చేయాలి?
— ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ముందు ఆ తోమడం ఆపండమ్మా. మీరు రోజూ కడిగేసింది వాడి గూడు. మగ ఫైటర్ పైకొచ్చి గాలి మింగి, నోటితో బుడగలు ఊది, గుడ్ల కోసం అలా నురగ కడతాడు. పక్కన ఆడ చేప లేకపోయినా కడతాడు, పాపం.

శ్రీకాకుళంలో అద్దెకున్నప్పుడు నేనూ ఇలాగే ఒకణ్ణి పోగొట్టుకున్నాను. శుభ్రం పిచ్చితో కుళాయి కింద గిన్నె పెట్టి నిండా పట్టాను. సాయంత్రానికి పైకి తేలాడు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేప మొప్పల్ని కాల్చేస్తుందని అప్పటికి నాకు తెలియదు.

ఇప్పుడు మీవాడికి పట్టుకున్నది ముఖ్యంగా చలి. వీళ్లది థాయ్‌లాండ్ వైపు వరిపొలాలు, కాలువలు. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలుంటేనే హుషారు. చిన్న గిన్నె రాత్రికి చల్లారిపోతుంది. వేడినీళ్లు కలపకండి, ప్రాణం మీదకొస్తుంది. పదిహేను లీటర్ల తొట్టె, దానికి 25 వాట్ల హీటర్ కొనండి. అంచుకి రెండంగుళాలు తక్కువగా నీళ్లు పోసి, గాలి ఆడేలా మూత పెట్టండి. వీడు మొప్పలతోనే కాక పైకొచ్చి గాలి కూడా పీలుస్తాడు, అదను చూసి బయటికి దూకుతాడు కూడా.

కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే చుక్కలు వేయండి, అక్వేరియం షాపులో దొరుకుతాయి. మొదటి నెల రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీళ్లే మార్చండి, తర్వాత వారానికోసారి చాలు. మొత్తం మార్చి తోమేస్తే, చేప మలం నుంచి పుట్టే అమ్మోనియాను విరిచే బాక్టీరియా కూడా పోతుంది.

తిండికి టెన్షన్ పడకండి. ఒంట్లో వెచ్చదనం వస్తే తనే తింటాడు. వాడి పొట్ట వాడి కంటిగుడ్డంతే, పూటకి రెండు మూడు గుళికలు చాలు. మిగిలినవి తీసేయండి.

మీ వీధిలో బాదం చెట్టుంటే, తనంతట తాను రాలి ఎండిన గోధుమరంగు ఆకు ఒకటి కడిగి వేయండి. నీళ్లు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. మళ్లీ మురికి అనుకుని పారబోసేరు!