తోటకు తెర వద్దు, తాళంచెవి చాలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు మెక్సికో సన్యాసిని సోర్ హువానా రాసిన ‘లోస్ ఎంపేన్యోస్ దె ఊనా కాసా’ నాటకాన్ని తెలుగులో ఆడించబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. తోటకు రంగుల తెర రాయించాలా అని అడిగావు. వద్దమ్మా. మన పద్యనాటకాల్లో ఉద్యానవనం తెర దించగానే చూసేవాళ్లకు చోటు తెలిసిపోతుంది. ఈ నాటకం నడిచేదే ఎవరు ఎక్కడున్నారో పాత్రలకు తెలియకపోవడం మీద.

మూడో అంకం తీసి చూడు. దోన్ హువాన్ వస్తూనే ఎత్తుకునేది తోట తాళంచెవి మాట. తాను ప్రేమించిన దోన్యా ఆనాను కలుసుకోవడానికని ఆమె పనిమనిషి సేలియా అతనికి ఇచ్చిన చెవి అది. ఇప్పుడు దానితోనే తన అనుమానం తేల్చుకోవడానికి వస్తున్నాడు. ఆ నాలుగు పాదాల్లోనే తోట కట్టేసింది ఆవిడ. అందుకని తాళంచెవిని ఇనుముతో, పెద్దదిగా చేయించు. తాళం తీసే చప్పుడు చివరి వరుసకూ వినపడాలి. నటుణ్ణి ఆ మాటలు గబగబా అప్పగించనివ్వకు.

ఇంటి పరువుకు కాపలా ఆనా అన్నగారు దోన్ పెద్రో. అతను వీధి వైపు చూస్తుంటే తోట తలుపు సేలియా చేతిలో ఉంది. ఆ పాత్రను నవ్వించడానికి మాత్రమే వాడుకుంటే నాటకం సగం పోతుంది. నీ దగ్గరున్న మంచి నటిని అందులో వెయ్యి.

చీకటి విషయంలో ఒక మాట. దీపాలన్నీ ఆర్పెయ్యకు. స్పెయిన్‌లో కొర్రాల్ అనే ఆరుబయట నాటకశాలల్లో ఇలాంటి రాత్రి దృశ్యాలను పగటి వెలుగులోనే ఆడేవారు. చీకటంతా మాటల్లో, తడుముకునే చేతుల్లో ఉండేది. పక్కనే ఉన్న మనిషిని కానక చెయ్యి గాలిలో ఆగిపోవడం ప్రేక్షకుడికి స్పష్టంగా కనబడాలి.

1683లో మెక్సికో నగరంలో దీన్ని తొలిసారి ఆడింది ఒక అధికారి ఇంట్లో, వైస్రాయి దంపతుల ముందు. నీకూ మండువా లోగిలి ఉన్న పాత ఇల్లు ఏదైనా దొరికితే హాలు మాట మరిచిపో.

కథ స్పెయిన్‌లోని తొలెదోలో జరుగుతుంది కాబట్టి మెక్సికో పూలమొక్కలు తెచ్చి పెట్టకు. రచయిత్రి తన గడ్డను సేవకుడు కస్తాన్యో నోట పలికించింది. అతను తాను అమెరికాలో పుట్టినవాణ్ణని, అక్కడి జగజ్జంత్రీ గరతూసాకు భక్తుణ్ణని చెప్పుకొని మరీ కథానాయిక లెయొనోర్ దుస్తులు తొడుక్కుంటాడు. నిడివి ఎక్కువైందని ఎవరన్నా ఆ ఘట్టం మీద మాత్రం కత్తెర పడనివ్వకు.

ముందు హువాన్, సేలియాల సన్నివేశాలు సాధన చేయించి, ఎలా వచ్చాయో రాయి.

మీ మాస్టారు