నువ్వు చేలో కలుపు: ఏ మందు, ఎప్పుడు?

ప్రశ్న: వరి కోసిన మడిలో నువ్వులు చల్లాను. పైరుకి ఇరవై రోజులు. రాలిన వడ్లు మొలిచాయి, ఊద, గలిజేరు, తుంగ కలిసి నువ్వు మొక్కని కనబడనివ్వడం లేదు. కూలీలు దొరకడం లేదు. వరికి వాడగా మిగిలిన 2,4-డి ఇంట్లో ఉంది, మోతాదు తగ్గించి కొట్టమని పక్క రైతు అంటున్నాడు. కొట్టొచ్చా?
– ఒక రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: వద్దండీ, సగం మోతాదు కూడా వద్దు. 2,4-డి వెడల్పాకు మొక్కల్ని చంపే మందు, నువ్వు కూడా వెడల్పాకు మొక్కే, కాబట్టి గలిజేరు కన్నా ముందు మీ పైరే మెలికలు తిరిగి పోతుంది. ఆ మందు కొట్టిన పంపుని సరిగా కడగకుండా నువ్వు చేలోకి తెచ్చినా దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు మీకు పనికొచ్చేది క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం. ఎకరాకు 400 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో. షాపులో 10 శాతం మందు కూడా ఉంటుంది, డబ్బా మీద చూసుకునే కొనండి, అదైతే సగమే వాడాలి. ఇది గడ్డి జాతిని మాత్రమే చంపుతుంది కాబట్టి నువ్వుకి భయం లేదు, మొలిచిన వరి, ఊద రెండూ పోతాయి, కానీ గడ్డి రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు, నేలలో పదును ఉన్నప్పుడు కొడితేనే. మర్నాడే చేలోకి వెళ్లి గడ్డి పచ్చగానే ఉందని టెన్షన్ పడి మళ్లీ కొట్టకండి. వారం పది రోజులకి మొవ్వు పట్టి లాగితే అడుగున కుళ్లి ఊడొస్తుంది, అంటే మందు పనిచేసినట్టే. పక్కన చోడి (రాగి) గానీ మొక్కజొన్న గానీ ఉంటే గాలి అటు వీచేటప్పుడు కొట్టొద్దు, అవీ గడ్డి జాతే.

గలిజేరు, తుంగ గడ్డి జాతి కావు, అందుకే దీనికి చావవు. మొలిచిన నువ్వులో వాటి మీద ధైర్యంగా కొట్టమని చెప్పగలిగే మందు నా దృష్టిలో లేదు, మనుషులతో తీయించాల్సిందే. దొరికిన ఆ కొద్దిమంది కూలీలని గడ్డి పీకడానికి కాకుండా దీనికే పెట్టండి, ఒత్తుగా ఉన్న నువ్వు మొక్కల్ని కూడా అదే చేత్తో పలచన చేయించండి. మొదటి నెల రోజులు కాపాడితే చాలు, తర్వాత నువ్వే కమ్ముకుంటుంది.

వచ్చే పంటకి చల్లకుండా గొర్రుతో సాళ్లలో వేయండి, సాళ్ల మధ్య కలుపు తీసే గుంటక తిరుగుతుంది. విత్తిన రోజో మర్నాడో తడి నేల మీద పెండిమిథాలిన్ 30 శాతం ఎకరాకు లీటరు, 200 లీటర్ల నీళ్లలో కలిపి, తొక్కకుండా వెనక్కి నడుస్తూ కొట్టాలి. ఇది మొలకెత్తబోయే గింజ మీదే పనిచేస్తుంది, అప్పటికే మొలిచిన కలుపుని ఏమీ చేయదు, అందుకే ముందు దుక్కి శుభ్రంగా ఉండాలి. వంశధార ఒడ్డు ఇసుక నేలల్లో మాత్రం జాగ్రత్త, మందు కొట్టిన వెంటనే నీళ్లు ఎక్కువ పెడితే అది వేరు దగ్గరికి దిగి నువ్వు మొలకనే దెబ్బతీస్తుంది.

ప్రశ్న: మొక్కజొన్న తీసిన చేలో నువ్వులు వేయొచ్చా?
– ఒక రైతు, పర్లాకిమిడి

జవాబు: మొక్కజొన్నకి అట్రాజిన్ కొట్టి ఉంటే తొందరపడకండి, దాని అవశేషం నేలలో నెలల తరబడి ఉండి నువ్వు మొలకని మాడుస్తుంది. ఆ చేలో మట్టిని నాలుగైదు చోట్ల తీసి కుండీలో పోసి గుప్పెడు నువ్వులు వేసి చూడండి. పక్కనే మందు తగలని మట్టితో ఇంకో కుండీ పెట్టండి. రెండు వారాలకి రెండింట్లో మొక్కలు ఒకేలా ఉంటే విత్తుకోండి, ఆకుల అంచులు పసుపెక్కి మాడితే ఈసారికి నువ్వు మానేయండి.