నడుస్తున్న సర్వర్‌లో కార్డు గుచ్చవచ్చా?

ప్రశ్న: మా బావగారి నర్సింగ్ హోమ్‌లో సర్వర్ రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది. దానికి ఇంకో నెట్‌వర్క్ కార్డు పెట్టాలి. "ఆపక్కర్లేదు, పెన్‌డ్రైవ్‌లా గుచ్చేయండి, సిస్టమే కనిపెట్టేస్తుంది" అంటున్నాడు ఒక కుర్రాడు. నిజమేనా సార్?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: దయచేసి అలా చేయకండి. యూఎస్‌బీని మొదటి నుంచీ నడుస్తుండగా పెట్టి తీయడానికే తయారుచేశారు. లోపల బోర్డు మీద కార్డులు పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ల విషయం వేరు. వాటిలో హాట్-ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే కార్డు పెట్టి తీసే వీలు) ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో దాదాపు ఉండదు. పర్లాకిమిడిలో సర్వీసింగ్ చేసేవాడిగా చెబుతున్నాను, మన వైపు బోర్డు కాలిపోతే విశాఖ నుంచి ఇంకోటి వచ్చేదాకా పేషెంట్ల రికార్డులు తెరుచుకోవు.

అసలు సిస్టమ్ తనంతట తాను వెతుక్కోదు, స్లాటే దానికి కబురు చేయాలి. కార్డు అంచున ఉనికి తెలిపే పిన్నులు మిగతావాటికన్నా పొట్టిగా ఉంటాయి. అవి ఆఖరున తగులుతాయి కాబట్టి, అవి తగిలాయంటే కార్డు పూర్తిగా కూర్చున్నట్టే. హాట్-ప్లగ్ స్లాటయితే అప్పుడు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) వెళ్తుంది. కొన్ని సర్వర్లలో స్లాట్ పక్కన బటన్ కూడా ఉంటుంది. నొక్కగానే పవర్ లైటు మినుకుమంటుంది, మనసు మార్చుకోవడానికి 5 సెకన్ల గడువు ఉంటుంది. ఆ తర్వాతే స్లాట్‌కు కరెంటు వస్తుంది. కార్డుతో లింకు కుదిరాక సిస్టమ్ తయారీదారు నంబరు అడుగుతుంది. 16 బిట్లూ ఒకట్లే వస్తే అక్కడ ఏమీ లేదని అర్థం. సరైన నంబరు వస్తే కార్డుకు ఎంత మెమరీ అడ్రస్ కావాలో కొలిచి, కేటాయించి, డ్రైవర్‌ను (ఆ కార్డును నడిపే ప్రోగ్రామును) పిలుస్తుంది.

చాలామంది చిక్కుకునేది ఈ కేటాయింపు దగ్గరే. స్టార్ట్ అయ్యేటప్పుడు బయోస్ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) ఆ స్లాట్ కోసం అడ్రస్ జాగా అట్టిపెట్టకపోతే, కార్డు జాబితాలో కనిపిస్తుంది కానీ పనిచేయదు. లినక్స్ అయితే జాగా లేదని లాగ్‌లో రాస్తుంది. అప్పుడు కార్డు పాడైందనుకుని వాపసు చేయకండి, ఒకసారి రీబూట్ చేసి చూడండి. రీస్కాన్ కమాండ్ ఉంది కదా అంటారేమో. అది మళ్లీ వెతకమని చెప్పడమే, కరెంటున్న స్లాట్‌లో కార్డు గుచ్చడాన్ని అది సురక్షితం చేయదు.

మీ సర్వర్ మాన్యువల్‌లో ఆ స్లాట్‌కు హాట్-ప్లగ్ అని రాసి ఉంటేనే నడుస్తుండగా పెట్టండి. లేకపోతే రాత్రి ఓపీ అయిపోయాక, డ్యూటీ సిస్టర్‌గారికి ముందే చెప్పి, బ్యాకప్ తీసి, షట్‌డౌన్ చేయండి. ఆపేసిన మెషీన్‌లో కూడా స్లాట్‌కు 3.3 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉండవచ్చు, కాబట్టి పవర్ తీగ పీకాకే కార్డు ముట్టుకోండి. రెండు పవర్ సప్లైలుంటే రెండు తీగలూ పీకాలి. అంతవరకూ ఆగలేకపోతే యూఎస్‌బీ నెట్‌వర్క్ అడాప్టర్ కొనండి. దాన్ని మాత్రం ఆ కుర్రాడు చెప్పినట్టే గుచ్చేయవచ్చు.