అయస్కాంత క్షేత్రంతో మారే ద్రవస్ఫటిక గ్రేటింగ్: లెక్కను సెల్ మందం దగ్గర మొదలుపెట్టండి

కావలి నుంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న మీరు అడిగినది ఇది: 5సీబీ అనే ద్రవస్ఫటికాన్ని రెండు గాజు పలకల మధ్య నింపిన 10 మైక్రాన్ల మందపు సెల్‌లో ఒక చారలో అణువులు గాజుకు సమాంతరంగానూ, పక్క చారలో నిలువుగానూ ఉండేలా 20 మైక్రాన్ల ఆవర్తనంతో (ఒక జత చారల మొత్తం వెడల్పుతో) గ్రేటింగ్, అంటే కాంతిని విడి చుక్కలుగా చీల్చే చారల అమరిక, తీసుకుని, గాజుకు లంబంగా 0.5 టెస్లా క్షేత్రం ఇచ్చినా లెక్కలో ఏ మార్పూ రావడం లేదు. మాక్స్‌వెల్ సమీకరణాలను కూడా కలిపి సాధించాలా?

అక్కర్లేదు. ద్రవస్ఫటికపు అయస్కాంత ససెప్టిబిలిటీలో, అంటే క్షేత్రానికి అది స్పందించే మేరలో, దిశను బట్టి వచ్చే తేడా సుమారు పదిలక్షల్లో ఒక వంతు మాత్రమే కనుక, అణువులు ఎటు తిరిగినా లోపలి క్షేత్రం మారదు. విద్యుత్ క్షేత్రమైతే అణువులు కదిలిన ప్రతిసారీ దాన్ని మళ్లీ లెక్కించవలసి వచ్చేది. ఇక్కడ మీ శ్రమంతా డైరెక్టర్ మీద, అంటే అణువుల సగటు దిశ మీద పెట్టవచ్చు.

మార్పు రాకపోవడానికి కారణం ఫ్రెడరిక్స్ ఆరంభ క్షేత్రం, అంటే అణువులు తిరగడం మొదలుపెట్టడానికి కావలసిన కనీస క్షేత్రం. అది సెల్ మందానికి విలోమానుపాతంలో ఉంటుంది. 5సీబీకి స్థితిస్థాపక స్థిరాంకం సుమారు 6 పికోన్యూటన్లుగా తీసుకుంటే, 10 మైక్రాన్ల సెల్‌కు అది 0.8 టెస్లా దాటుతుంది. 25 మైక్రాన్లకు 0.33 టెస్లా చాలు. కాబట్టి మీ ప్రోగ్రామ్ సరిగ్గానే చెబుతోంది. అయితే మందం పెంచితే మరో రెండు చిక్కులు వస్తాయి. క్షేత్రం తీసేశాక అణువులు వెనక్కి రావడానికి పట్టే కాలం మందం వర్గంతో పెరిగి, 25 మైక్రాన్లకు దాదాపు సెకను దాకా వెళుతుంది. అంతకన్నా ముఖ్యమైనది చారల అంచు: సమాంతర, నిలువు అమరికల మధ్య మార్పు ఒక్కసారిగా జరగదు, మందంలో మూడో వంతు దూరం వరకు రెండు పక్కలా పాకుతుంది. 25 మైక్రాన్ల సెల్‌లో 20 మైక్రాన్ల ఆవర్తనం పెడితే చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నేనైతే 100 మైక్రాన్ల ఆవర్తనం తీసుకుంటాను.

మీరు ఒక్కో చారను విడిగా ఒకే పరిమాణంలో (డైమెన్షన్‌లో), మందం వెంట మాత్రమే లెక్కిస్తున్నారు. అది చారల నడుమ పనికొస్తుంది గాని అంచుల దగ్గర పనికిరాదు. రెండు పరిమాణాలలో సాధించండి. వంపు కోణాన్ని కచ్చితంగా సున్నా దగ్గర మొదలుపెడితే ఆరంభ క్షేత్రం దాటినా లెక్క ఆ అస్థిర సమతాస్థితిలోనే నిలిచిపోతుంది, కనుక గాజు దగ్గర ఒకటి రెండు డిగ్రీల తొలి వంపు ఇవ్వండి. లేకుంటే చారకు రెండు అంచుల నుంచీ అణువులు ఎదురెదురుగా వంగి నడుమ ఒక గోడ ఏర్పడుతుంది.

దృశాభాగం, అంటే కాంతికి సంబంధించిన లెక్క, సులువు. గ్రేటింగ్ పలుచనిది కాబట్టి రెండు చారల గుండా వచ్చే కాంతి తరంగాల మధ్య దశాభేదం (ఫేజ్ తేడా) తెలిస్తే చాలు. చారల వెడల్పు సమానమైతే మొదటి క్రమపు, అంటే నడిమి చుక్కకు పక్కనే పడే చుక్క, తీవ్రత ఎంత పెరిగినా మొత్తం కాంతిలో 40.5 శాతం మించదు. కాంతి ధ్రువణం (పోలరైజేషన్) మాత్రం సమాంతర చారల డైరెక్టర్ దిశలోనే ఉండాలి.

ఒంగోలులో విద్యార్థులకు ఈ ప్రయోగం చేయించిన అనుభవంతో ఉష్ణోగ్రత సంగతి గట్టిగా చెబుతున్నాను. జీమన్ ప్రయోగానికి (అయస్కాంత క్షేత్రంలో వర్ణపట రేఖలు చీలడాన్ని చూసే ప్రయోగానికి) వాడే విద్యుదయస్కాంతపు రంధ్రమున్న ధ్రువాల మధ్య సెల్ నిలిపి హీలియం-నియాన్ లేజర్ పంపితే, మూడు మీటర్ల అవతలి గోడ మీద ఎర్రటి చుక్కలు సుమారు రెండేసి సెంటీమీటర్ల ఎడంతో పడతాయి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ చుక్కలు ఒక్కొక్కటే వెలిసిపోయి చివరికి నడిమి చుక్క ఒక్కటే మిగిలేది. 5సీబీ 35 డిగ్రీల దగ్గర నెమాటిక్ స్థితి (అణువులు ఒకే దిశలో వరసగా ఉండే స్థితి) కోల్పోయి మామూలు ద్రవమైపోతుంది. మన జిల్లాల్లో వేసవి ఎండ 40 దాటుతుంది. అంతకు ముందే, 30 దాటినప్పటి నుంచే వక్రీభవన గుణకాల తేడా, స్థితిస్థాపక స్థిరాంకాలు వేగంగా పడిపోతాయి. కనుక మోడల్‌లో 25 డిగ్రీల విలువలు వేసి వేసవి కొలతలతో పోల్చకండి. లేదా దాదాపు 60 డిగ్రీల దాకా నెమాటిక్‌గా నిలిచే ఈ7 అనే ద్రవస్ఫటిక మిశ్రమం వాడండి.

లెక్క సరిచూసుకోవడానికి 25 మైక్రాన్ల మందం, 100 మైక్రాన్ల ఆవర్తనం, 25 డిగ్రీలు పెట్టి క్షేత్రాన్ని 0 నుంచి 1 టెస్లా వరకు పెంచండి. మొత్తం దశాభేదం సుమారు ఏడు తరంగదైర్ఘ్యాలు. అందులో ఒకటిన్నర దాకా గాజు పక్కనున్న పలుచని పొరల్లో మిగిలిపోతుంది. కాబట్టి మొదటి క్రమం ఐదారు సార్లు పెరిగి తగ్గాలి. అలా రాకపోతే దృశాభాగాన్ని వదిలి ముందు డైరెక్టర్ సరిహద్దు నిబంధనల్లో, అంటే గాజు దగ్గర అణువులకు మీరిచ్చిన దిశల్లో, తప్పు వెదకండి.